ఒక్క గడ నమిలి తోట తీపి చెప్పగలమా?

విజయవాడ నుంచి బందరు రోడ్డు మీద సుమారు 30 కిలోమీటర్లు వెళితే ఉయ్యూరు వస్తుంది. చెరకు ఆడే కాలంలో అయితే ఊరు రాకముందే ఆ సంగతి ముక్కుకు తెలిసిపోతుంది. కాగే రసం వాసన, మడ్డి వాసన కలిసిన గాలి ఎదురొస్తుంది. కె.సి.పి. సంస్థ 1941లో మొదలైంది ఇక్కడి పంచదార మిల్లుతోనే. నా చిన్నతనంలో మిల్లుకు పోయే చెరకు బండి వెనక పరుగెత్తి ఒక్క గడైనా లాగని కుర్రవాడు మా ఊళ్లో లేడు. (మీరు ఆ పని చేయకండి. ట్రాక్టరు ఎద్దుబండి అంత నెమ్మదిగా పోదు.)

అలా లాగిన గడను మోకాలికేసి విరిచి నమిలినవారికి ఒక సంగతి ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. మొదలు దగ్గర కణుపు తేనెలా ఉంటుంది, కొసకు పోయేకొద్దీ చప్పబడుతుంది. ఒకే దుబ్బులోని రెండు గడలు కూడా ఒక్క తీపిగా ఉండవు. ముదిరిన గడ వేరు, ఆలస్యంగా లేచిన పిలక వేరు.

ఇప్పుడు ఒక ప్రశ్న. ఆ ట్రాక్టరులో ఉన్న చెరకంతటి తీపి ఎంత? ఒక గడ నమిలి చెప్పగలమా? పోనీ, పది గడలు నమిలితే?

ఇది పిల్లల ఆటలోని ప్రశ్నలా కనిపిస్తుంది గాని, దీని వెనక రైతుల డబ్బు ఉంది. వంద కిలోల చెరకు ఆడిస్తే ఎన్ని కిలోల పంచదార వచ్చిందో దానినే మిల్లువారు ‘రికవరీ’ అంటారు. కేంద్ర ప్రభుత్వం 2025-26 పంచదార సంవత్సరానికి ప్రకటించిన చెరకు ధర 10.25 శాతం రికవరీకి క్వింటాలుకు 355 రూపాయలు. రికవరీ అంతకంటే 0.1 శాతం పెరిగినప్పుడల్లా క్వింటాలుకు 3 రూపాయల 46 పైసలు కలుస్తాయి. తగ్గితే అంతే తగ్గుతుంది. అయితే రికవరీ 9.5 శాతం కంటే పడిపోయినా ధర 329 రూపాయల 5 పైసల కిందకు దిగదు.

0.1 శాతం అంటే ఏపాటి అని తీసిపారేయకండి. ఒక మిల్లు ఏడాదిలో 5 లక్షల టన్నుల చెరకు ఆడిందనుకుందాం. 0.1 శాతం పెరిగితే అదనంగా 500 టన్నుల పంచదార! పై రేటున రైతులందరికీ కలిపి 1 కోటి 73 లక్షల రూపాయలు.

మరో సంగతి గమనించండి. ఈ రికవరీ మిల్లు మొత్తానికి కట్టిన సగటు. తియ్యటి చెరకును కొట్టిన రోజే తోలిన రైతుకూ, నాలుగు రోజులు ఎండబెట్టి తోలిన రైతుకూ ఒకటే ధర. ఈ మాట చెప్పినప్పుడు మా తరగతిలో ఒక పిల్ల లేచి, “ఇదేం న్యాయం మాష్టారూ, ఎవరి చెరకు వాళ్లది కొలవచ్చు కదా?” అని అడిగింది. చక్కటి ప్రశ్న. దానికి జవాబు చెప్పాలంటే ముందు తీపిని ఎలా కొలుస్తారో తెలియాలి, తర్వాత ఆ కొలతను ఎంతవరకు నమ్మవచ్చో తెలియాలి.

తీపికి కొలబద్ద

రసంలో కరిగి ఉన్న పదార్థమంతా బరువులో ఎంత శాతమో చెప్పే కొలత పేరు ‘బ్రిక్స్’. వంద గ్రాముల రసంలో 20 గ్రాముల పదార్థం కరిగి ఉంటే 20 బ్రిక్స్. తోటలో దీనిని కొలవడానికి చిన్న దుర్భిణివంటి పరికరం ఉంది, రిఫ్రాక్టోమీటర్. రెండు చుక్కల రసం దాని గాజు మీద వేసి, వెలుతురు వైపు తిప్పి చూస్తే అంకె కనిపిస్తుంది. రసం చిక్కబడేకొద్దీ అందులో కాంతి వంగే తీరు మారుతుంది. పరికరం చూపేది ఆ మార్పునే. మొదలు దగ్గర బ్రిక్స్, కొస దగ్గర బ్రిక్స్ దాదాపు సమానమైతే తోట పక్వానికి వచ్చినట్లు. కొస ఇంకా బాగా తక్కువగా ఉంటే నరకడానికి తొందరపడకూడదు.

కాని కరిగినదంతా పంచదార కాదు. మనకు కావలసింది సుక్రోజు. దానిని పట్టివ్వడానికి ఒక కిటుకు ఉంది. ఒకే తలంలో కంపించే కాంతిని, అంటే ధ్రువిత కాంతిని, సుక్రోజు ద్రావణంలోకి పంపితే ఆ తలం కుడివైపుకు తిరుగుతుంది. ఎంత తిరిగిందో పోలారిమీటరుతో చూసి సుక్రోజు ఎంత ఉందో లెక్క కడతారు. ఆ కొలతను ‘పోల్’ అంటారు. బ్రిక్స్ 20, పోల్ 17 ఉంటే, 20లో 17 అంటే 85 శాతం. అది రసం శుద్ధత. మిగిలిన 3 పాళ్లలో గ్లూకోజు, ఫ్రక్టోజు, పొటాషియం లవణాలు మొదలైనవి ఉంటాయి. ఇవి ఊరికే ఉండవు. కొంత సుక్రోజును స్ఫటికాలు కట్టనివ్వకుండా తమతోపాటు మడ్డిలోకి లాక్కుపోతాయి. అందుకే మిల్లువారు బ్రిక్స్ ఒక్కటే చూసి సంతోషించరు.

నరికిన చెరకు ఎండలో ఉంటే ఏమవుతుంది? అందులోని ఎంజైములు, గాటుల దగ్గర చేరిన సూక్ష్మజీవులు సుక్రోజును గ్లూకోజుగా, ఫ్రక్టోజుగా విడగొట్టడం మొదలుపెడతాయి. ఆ రెండింటి మిశ్రమం కాంతి తలాన్ని కుడికి కాక ఎడమకు తిప్పుతుంది! అందుకే ఈ మార్పుకు విలోమం అని పేరు. మరోవైపు గడలో నీరు ఆరిపోయి రసం చిక్కబడుతుంది. ఉదాహరణకు, నిన్న బ్రిక్స్ 20, పోల్ 17 ఉన్న చెరకు కొన్నాళ్లకు బ్రిక్స్ 21, పోల్ 16 చూపిందనుకోండి. రిఫ్రాక్టోమీటరు ఒక్కటే చూసినవాడు “తీపి పెరిగింది” అంటాడు. నిజానికి శుద్ధత 85 నుంచి 76కు పడిపోయింది. కొలత తప్పు కాదు. మనం అడిగిన ప్రశ్నే తప్పు.

చల్లని యూరపు దేశాలలో పంచదార చెరకు నుంచి కాక బీటు దుంప నుంచి తీస్తారు. దుంపలో ఉన్నదీ చెరకులోని పంచదారే అని 1747లో బెర్లినులో మార్గ్రాఫ్ కనిపెట్టాడు. అప్పటి దుంపల్లో పంచదార చాలా తక్కువ. 1850 ప్రాంతంలో ఫ్రాన్సులో విల్మొరిన్ అనే విత్తన శాస్త్రవేత్త ఒక పని చేశాడు. దుంపలను ఉప్పునీటిలో వేశాడు. పంచదార ఎక్కువున్న దుంప బరువై మునుగుతుంది, తక్కువున్నది తేలుతుంది. మునిగినవాటిని విత్తనానికి ఉంచాడు. తర్వాత దుంప దుంపకూ రసం పరీక్షించి, దేని సంతానం నిలకడగా తియ్యగా వస్తున్నదో చూశాడు. అలాంటి ఎంపిక తరాల తరబడి సాగబట్టే నేటి దుంపలో 16, 18 శాతం దాకా పంచదార ఉంది. విల్మొరిన్ సగటుతో సరిపెట్టుకోలేదు. దుంపకూ దుంపకూ మధ్య ఉన్న తేడానే పనిముట్టుగా వాడుకున్నాడు. మన చెరకు దగ్గర కూడా తేడాలను దాచిపెట్టడం కాదు, లెక్కలోకి తీసుకోవడం నేర్చుకోవాలి.

తొమ్మిది గడల లెక్క

ఒకసారి తరగతి ప్రయోగానికి తలొక గడ తెమ్మని పిల్లలకు చెప్పాను. మరునాడు వచ్చిన గడలు చూస్తే కళ్లు చెదిరాయి. ఒక్కొక్కటి చేతికర్రంత లావు, నున్నగా, ఒక్క పురుగు తొలిచిన గుర్తయినా లేదు. మాష్టారికి ఇచ్చేది కదా అని ఏరి ఏరి తెచ్చారు! వాటి సగటు కడితే ఆ ఊరి చెరకు సంగతి తెలియదు, ఆ పిల్లల మర్యాద సంగతి తెలుస్తుంది. ఎంత గొప్ప పరికరంతో కొలిచినా ఆ తప్పు పోదు. ఎన్ని ఎక్కువ గడలు తెచ్చినా పోదు.

మరి ఎలా తేవాలి? తోటలో సాళ్లు ఎన్నో లెక్కపెట్టి, ఆ అంకెలు చీటీల మీద రాసి ఒక డబ్బాలో వేయాలి. ఒక చీటీ తీస్తే 17 వచ్చిందనుకోండి. 17వ సాలులోకి వెళ్లాలి. ఎన్ని అడుగులు నడవాలో మరో చీటీ చెబుతుంది. అక్కడ కాలికి దగ్గరగా ఏ గడ ఉంటే అదే. వంకరగా ఉందని వదలకూడదు. గాలివానకు పడిపోయిందనీ వదలకూడదు. కార్తికంలో తుఫాను వచ్చిన ఏడాది డెల్టాలో ఎంత తోట నేలకు ఒరుగుతుందో మీకు తెలుసు. ఒరిగిన గడ కూడా మిల్లుకు పోయేదే.

ఇలా ఒక తోటనుంచి 9 గడలు తెచ్చి బ్రిక్స్ చూశామనుకుందాం. లెక్క సులువుగా ఉండాలని అంకెలు నేనే వేస్తున్నాను: 16, 18, 18, 19, 19, 19, 20, 20, 22. కూడితే 171. సగటు 19.

పక్క తోటనుంచి మరో 9 గడలు: 15, 16, 17, 18, 18, 18, 19, 20, 21. కూడితే 162. సగటు 18.

మొదటి తోట ఒక బ్రిక్స్ ఎక్కువ. కాబట్టి ఆ తోటలోని రకమే మేలు, అందరూ అదే నాటండి అనవచ్చా? ఆగండి. మొదటి తోటలోనే 16 ఉంది, 22 ఉంది. ఒకే తోటలో 6 బ్రిక్స్ తేడా కనిపిస్తున్నప్పుడు, రెండు సగటుల మధ్య 1 తేడా చీటీల చలవ వల్ల వచ్చినది కావచ్చు.

ఆ అనుమానాన్ని అంకెల్లో పెట్టాలి. మొదటి తోటలో ఒక్కొక్క అంకె సగటుకు ఎంత దూరంలో ఉందో చూసి, ఆ దూరాల వర్గాలు కూడండి: 9, 1, 1, 0, 0, 0, 1, 1, 9. మొత్తం 22. దీనిని 8తో భాగించండి. (9తో ఎందుకు కాదంటే, సగటు కూడా ఈ అంకెల నుంచే తీశాం గనుక, 8 దూరాలు తెలిస్తే తొమ్మిదోది దానంతటదే తెలిసిపోతుంది. స్వేచ్ఛగా ఉన్నవి ఎనిమిదే.) 2.75 వస్తుంది. వర్గమూలం 1.66. ఇదే క్రమ విచలనం. గడలు సగటు చుట్టూ ఎంత చెల్లాచెదురుగా ఉన్నాయో ఇది చెబుతుంది. రెండో తోటకు వర్గాల మొత్తం 28, క్రమ విచలనం 1.87.

మనకు కావలసింది ఒక గడ ఎంత అటూ ఇటూ పోతుందో కాదు, 9 గడల సగటు ఎంత అటూ ఇటూ పోతుందో. దానికి క్రమ విచలనాన్ని గడల సంఖ్య వర్గమూలంతో భాగించాలి. 9 వర్గమూలం 3. మొదటి తోటకు 0.55, రెండో దానికి 0.62. ఇవి ప్రమాణ దోషాలు. రెండు సగటుల తేడాకు ప్రమాణ దోషం కావాలంటే వీటి వర్గాలు కూడి వర్గమూలం తీయాలి: 0.83.

మనం చూసిన తేడా 1. దాని ప్రమాణ దోషం 0.83. ఒకటిని 0.83తో భాగిస్తే 1.2.

ఇక్కడికి వచ్చాక ఒక పట్టిక కావాలి. ఆ పట్టిక చరిత్ర తమాషాగా ఉంటుంది. డబ్లినులోని గిన్నిస్ బీరు కంపెనీలో గోసెట్ అనే రసాయన శాస్త్రవేత్త పనిచేసేవాడు. బార్లీ నాణ్యం పరీక్షించడానికి ఆయన చేతికి వచ్చేవి ఎప్పుడూ నాలుగైదు నమూనాలే. అంత కొద్ది కొలతల నుంచి ఎంతవరకు చెప్పవచ్చు అన్నది ఆయన చిక్కు. 1908లో దానికి దారి చూపుతూ వ్యాసం రాశాడు. కంపెనీ కట్టుబాట్ల వల్ల సొంత పేరు పెట్టుకోలేక ‘స్టూడెంట్’ అని సంతకం చేశాడు. నేటికీ అది ‘స్టూడెంట్ టీ పరీక్ష’గానే చలామణీలో ఉంది. విద్యార్థులకు పరీక్ష పెట్టడం మామూలే. ఇది ‘విద్యార్థి’ పెట్టిన పరీక్ష!

మన రెండు తొమ్మిదులకు ఆ పట్టికలో ఉన్న హద్దు 2.12. నిజంగా ఏ తేడా లేని రెండు తోటల నుంచి ఇలా గడలు తీస్తే, 20 సార్లకు ఒకసారి మాత్రమే ఆ హద్దు దాటుతుంది. మనకు వచ్చినది 1.2. తేడా ఏమీ లేకున్నా అంతటి అంకె దాదాపు నాలుగు సార్లకు ఒకసారి వస్తుంది. కాబట్టి “మొదటి రకమే మేలు” అనడానికి మన దగ్గర ఆధారం చాలదు. అలాగని రెండూ సమానమని రుజువైనట్టు కూడా కాదు. ఈ రెండు మాటలకు ఉన్న తేడా పెద్దలు సైతం తరచు మరచిపోతారు.

మరేం చేయాలి? ఎక్కువ గడలు తీయాలి. తోటకు 36 చొప్పున తీసి, సగటులు మళ్లీ 19, 18 వచ్చి, చెదురు కూడా ఇంతే ఉంటే, ప్రమాణ దోషం సగమై 0.42 అవుతుంది. ఒకటిని దానితో భాగిస్తే 2.4. ఇప్పుడు నమ్మవచ్చు. గడలు నాలుగు రెట్లు చేస్తే దోషం సగమే తగ్గింది, గమనించారా? మళ్లీ సగం చేయాలంటే 144 గడలు కావాలి. కచ్చితత్వం కొనుక్కోవాల్సిన సరుకే, అదీ ప్రియమైన సరుకు.

పల్లపు మడి, మెరక మడి

అయితే ఈ లెక్క దాటిపోయిన చిక్కు ఒకటి మిగిలింది. మొదటి తోట పంట కాలువ పక్కన ఉందనుకోండి, రెండోది చివరి బోదె దగ్గర. లేదా మొదటిది నరికింది ఫిబ్రవరిలో, రెండోది డిసెంబరు మొదట్లో. లేదా ఒకటి మొక్కతోట, మరొకటి కార్శి. 36 కాదు, 360 గడలు కోసినా, తేడా రకం వల్ల వచ్చిందా, నీటి వల్లనా, చలి రాత్రుల వల్లనా, తోట వయసు వల్లనా చెప్పలేం. కృష్ణా డెల్టా చూడడానికి బల్లపరుపుగా ఉంటుంది గాని, ఏ రైతునడిగినా చెబుతాడు, ఒకే ఎకరంలో ఇక్కడ పల్లం, అక్కడ మెరక, ఆ మూల చౌడు అని.

ఇంగ్లండులో రోథామ్‌స్టెడ్ అనే పురాతన వ్యవసాయ పరిశోధన కేంద్రంలో 1919లో చేరిన ఆర్. ఎ. ఫిషర్ దీనికి ఉపాయం చెప్పాడు. పొలాన్ని కాలువ నుంచి చివరిదాకా నాలుగు పట్టీలుగా విడగొట్టండి. ప్రతి పట్టీలోనూ అన్ని రకాలూ ఉండాలి. పట్టీలో ఏ మడికి ఏ రకమో మాత్రం చీటీలు వేసి నిర్ణయించండి. అన్నిటినీ ఒకే కాలంలో నాటి, ఒకే రోజున నరకండి. అప్పుడు కాలువ పక్క మడిని కాలువ పక్క మడితోనే, చివరి మడిని చివరి మడితోనే పోలుస్తాం. నేలవల్ల వచ్చిన తేడాను లెక్కలో వేరుచేసి పక్కన పెట్టవచ్చు. మిగిలిన అనుకోని తేడాలు చీటీల పుణ్యాన ఏ ఒక్క రకానికీ పక్షపాతం చూపవు.

చెరకు పరిశోధన కేంద్రాలలో కొత్త రకాలను నేటికీ ఈ మాదిరి మడులలోనే పరీక్షిస్తారు. అనకాపల్లి కేంద్రం 1913 నాటిది. ఉయ్యూరులోనూ చెరకు పరిశోధన కేంద్రం ఉంది. తమిళనాడులో కోయంబత్తూరు సంస్థ 1912లో మొదలైంది. ‘కో’ అన్న అక్షరంతో మొదలయ్యే రకాల పేర్లన్నీ ఆ ఊరి పేరును మోస్తున్నవే. ఒక కొత్త రకం రైతు చేతికి వచ్చేలోపు ఏళ్ల తరబడి మడులు, చీటీలు, సగటులు, దోషాలు దాటి రావాలి.

మన దేశంలో ఈ శాస్త్రానికి ఇల్లు కట్టినవాడు ప్రశాంతచంద్ర మహలనోబిస్. 1931లో కలకత్తాలో భారత గణాంక సంస్థను స్థాపించాడు. బెంగాలులో జనపనార ఎంత పండిందో తెలుసుకోవడానికి ప్రతి చేనూ కొలవనక్కరలేదని, చీటీ పద్ధతిన ఎంచిన కొద్ది చేలు చాలునని చేసి చూపాడు. ఆ సంస్థలో చేరిన తెలుగు యువకుడొకడు 1945లో, పాతికేళ్ల వయసులో, ఒక వ్యాసం అచ్చువేశాడు. పక్షపాతం లేని ఏ పద్ధతితో అంచనా కట్టినా, ఇన్ని కొలతల నుంచి ఇంతకంటే తక్కువ దోషంతో చెప్పడం ఎవరివల్లా కాదు అనే హద్దు ఒకటుందని అందులో నిరూపించాడు. ఆయనే సి. ఆర్. రావు. ఆ హద్దును ప్రపంచమంతా క్రామర్–రావు హద్దు అంటుంది. ఆయన చిన్నప్పుడు చదువుకున్న ఊళ్లలో మన నూజివీడు, నందిగామ ఉన్నాయి. 2023లో అంతర్జాతీయ గణాంక బహుమతి అందుకుని, అదే ఏడు ఆగస్టులో 102 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ఆ పిల్ల ప్రశ్నకు జవాబు

ఎవరి చెరకు వాళ్లది కొలిచి ధర కట్టవచ్చా? కట్టవచ్చు. బ్రెజిలులో చెరకులోని పంచదారను బట్టే రైతుకు డబ్బు ఇస్తారు. అక్కడా, అమెరికాలోని లూసియానాలోనూ, లారీ మీది చెరకులోకి గొట్టంలాంటి యంత్రాన్ని దించి, పై నుంచి లోపలిదాకా ఒక ముద్ద తీసి పరీక్షిస్తారు. పైన కనిపించే నాలుగు గడలు తీస్తే ఏమవుతుందో మా తరగతి పిల్లల్ని అడిగితే చెబుతారు. బండి మీద మంచి గడలు పైన పేర్చడం ఎవరికి తెలియదు!

చిన్న కమతాల చోట చిక్కు ఇంకా ఎక్కువ. నాలుగు బండ్ల చెరకు తోలే రైతుకు పరీక్షలు నాలుగే. సగటు దోషం పెద్దది. ఏడాదంతా తోలే పెద్ద రైతుకు దోషాలు ఒకదానితో ఒకటి కొట్టుకుపోతాయి. చిన్న రైతుకు ఒక చెడ్డ ముద్ద తగిలితే ఆ ఏడు అంతే. మిల్లు సగటు ధరలో అన్యాయం ఉంది, నిజమే. బండి బండికీ కొలిచే ధరలో అదృష్టం పాలు ఉంది. నాకైతే కొలవడమే మేలనిపిస్తుంది. కాని బండికి ఒక ముద్ద కాదు, మూడు నాలుగు తీయాలి. ఆ ఖర్చు ఎవరు భరించాలన్నది గణితం చెప్పే మాట కాదు.

మీరూ ఒకసారి చేసి చూడండి. రిఫ్రాక్టోమీటరు లేకపోయినా ఫరవాలేదు. పరీక్షనాళికలో ఇసుక పోసి రసంలో తేల్చే పద్ధతి చాలదు. ఒక బ్రిక్స్ తేడాకు నాళిక అర మిల్లీమీటరే కదులుతుంది. భౌతిక ప్రయోగశాలలోని సాపేక్ష సాంద్రత సీసా తీసుకోండి. అది 50 మిల్లీలీటర్లదైతే అందులో నీరు దాదాపు 50 గ్రాములు తూగుతుంది. 18 బ్రిక్స్ రసం 53.7 గ్రాముల చిల్లర తూగుతుంది. బ్రిక్స్ ఒకటి పెరిగితే బరువు సుమారు 0.2 గ్రాము పెరుగుతుంది. ముందుగా 15 గ్రాముల పంచదారను 85 గ్రాముల నీటిలో, మరో 20 గ్రాములను 80 గ్రాముల నీటిలో కరిగించి తూచండి. 15 బ్రిక్స్, 20 బ్రిక్స్ ఎక్కడుంటాయో గ్రాఫు కాగితం మీద గుర్తులు పడతాయి. రసాన్ని గుడ్డలో వడకట్టి, నురగ అణిగాక తూచాలి. గడ కోసిన రోజే తూచాలి. కాలువ వైపు నుంచి 9, చివరి బోదె వైపు నుంచి 9 గడలు తెచ్చి, పైన చెప్పిన లెక్క కట్టండి. తోటవారి అనుమతి అడిగి తీసుకోండి. చీటీలో వచ్చిన తొమ్మిదో గడ పురుగు తొలిచినదైనా సరే, దాని రసం కూడా తీయాల్సిందే.